మూత తీయని ఆదివారం

1

గౌరవనీయులైన మా పాఠశాల పూర్వ క్యాంటీన్ నిర్వాహకురాలు గారి సముఖానికి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

తేదీ, స్థలం లేని ఉత్తరాన్ని నేను నా విద్యార్థుల దగ్గర ఎన్నడూ అంగీకరించలేదు. ఈ ఉత్తరానికి రెండూ లేవు. స్థలం మీకు తెలిసినదే. తేదీ వేస్తే, రాబోయే మూడో ఆదివారానికి ఎన్ని రోజులు మిగిలాయో కంటబడుతుంది. మన్నించగలరు.

విషయం: స్లో కుక్కర్‌లో వండే బీఫ్ కీమా శాండ్‌విచ్.

మీరు మా పాఠశాలలో ఇరవై రెండేళ్ళు క్యాంటీన్ నడిపారు. ఉదయం మొదటి గంటకు ముందే ఆ పెద్ద స్లో కుక్కర్‌కు, సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించే ఆ కరెంటు పాత్రకు, స్విచ్ వేసి, మధ్యాహ్నం గంట కొట్టేసరికి కీమాను బన్నుల్లో పెట్టి అందించేవారు. నాలుగో పీరియడ్‌లో ఆ వాసన వచ్చిందంటే నా తరగతిలో ఒక్క బుర్రా పనిచేసేది కాదు. దీనిపై నేను లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపిన సంగతి మీకు గుర్తుండకపోదు. ఇప్పుడు ఆ వంటకమే నాకు కావాలి.

నాకు ఒక్కతే కూతురు. మీ క్యాంటీన్‌లో అందరూ ‘పిడుగు’ అని పిలిచిన పిల్ల. ఉపాధ్యాయ శిక్షణ మధ్యలో మానేసి వంట పనిలో చేరింది. నాలుగేళ్ళ క్రితం మా భోజనాల బల్ల దగ్గర, మా బావమరిది కుటుంబం ఎదుట, “నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడి ఇంట్లో చివరికి గరిటె తిప్పే మనిషి తయారైందా!” అన్నాను. ఆమె కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. ఆ తరువాత రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను నోరు విప్పాను. రెండుసార్లూ తినకుండానే లేచింది. ఆమె ఇప్పుడు ఏ ఊళ్ళో, ఏ వంటగదిలో పనిచేస్తోందో నాకు తెలియదు. నా భార్యకు తెలుసు. నేను అడగలేదు. అడగకపోవడాన్ని ఆత్మగౌరవం అనుకున్నాను.

మూడో ఆదివారం సాయంత్రం భోజనానికి ఆమె వస్తోంది. నా భార్య వండనంటోంది. ఆమె మాటలు యథాతథంగా వ్రాస్తున్నాను:

“మూడుసార్లు నేను వండాను. మూడుసార్లూ దాని మీద మీరు ఉపన్యాసం పోశారు. ఈసారి మీరే వండండి. అది మళ్ళీ తినకుండా లేచిందా, దాని వెనకే నేనూ లేస్తాను. తిరిగి రాను.”

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె నన్ను ఒక్కసారి కూడా బెదిరించలేదు. కనుక ఇది బెదిరింపు కాదు. నిన్న అటక మీది పెట్టె దించి, దుమ్ము తుడిచి, వీధి తలుపు పక్కన పెట్టింది. ఏమి వండమంటావని అడిగితే, ఒక కాగితం ముక్క మీద మీ చిరునామా వ్రాసి నా చేతిలో పెట్టింది.

నాకు టీ కాచడం వచ్చు. అంతకు మించి వంటగదిలో నేను సున్నా. కావున తయారీ విధానాన్ని కొలతలతో, కాలనిర్ణయంతో, ఒక్క మెట్టూ వదలకుండా తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
మీ సహాయం కోరే అర్హత తనకున్నదో లేదో తెలియని,
మాస్టారు

2

మాస్టారికి క్యాంటీన్ అక్క దండాలు.

మీ ఉత్తరం చదివించుకున్నాను. నాకు కళ్ళు మసకలేసి రెండేళ్ళయింది. బడి వదిలాక ఇక్కడ పెట్టుకున్న చిన్న క్యాంటీన్‌లో నా దగ్గర వంట చేసే పిల్లే చదివి పెడుతుంది. ఇదీ తనే రాస్తోంది, నేను చెప్తుంటే. మీ ఉత్తరం చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయింది. ఏమే, ఏమైందే అంటే, “మాస్టారి వాక్యాలు పొడుగక్కా, ఊపిరి అందట్లేదు” అంది. మీరేం మారలేదన్నమాట.

అభ్యంతరం గుర్తుందా అన్నారు. ఎందుకు గుర్తుండదు? అయినా మీరు పెట్టింది ఒకటి కాదు, రెండు. రెండోదాని ఊసు మీ ఉత్తరంలో లేదు. అదే, వంటగది కిటికీ సంగతి. దాని పుణ్యమా అని టర్మంతా నన్ను అంట్లు తోమడానికి వేశారు. సర్లెండి, చేతులరిగాయి గానీ నోరరగలేదు.

ఇక వంట. రాసుకోండి. కొలతలు అడిగారు, నేనైతే చేత్తో వేసేస్తాను. ఈ పిల్ల మాత్రం, “ఆయనకి కొలత లేకపోతే అడుగు ముందుకు పడదక్కా” అని తనే లెక్క కట్టింది. ఎలా తెలుసో ఏమో!

ఆరుగురికి కిలో కీమా. పెనంలో నూనె లేకుండా వేయించండి. ఎర్రదనం పోయేదాకా, గరిటెతో పొడిపొడిగా విడగొడుతూ. పైకి తేలిన కొవ్వు వంపేయండి. రెండు పెద్ద ఉల్లిపాయలు, ఒక క్యాప్సికం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరగండి. రెండు కప్పుల టమాటా గుజ్జు, రెండేసి చెంచాల వెనిగరూ చక్కెరా, ఒక చెంచా ఆవపొడి, కాసిని మిరియాలు, ఉప్పు. అన్నీ కుక్కర్లో వేసి, మీట ‘లో’ మీద, అంటే తక్కువ సెగ మీద పెట్టి ఆరు గంటలు. బన్నులు రెండుగా కోసి, కోసిన వైపు వెన్న రాసి కాల్చండి. లేకపోతే రసానికి నాని చేతిలోనే ఊడిపోతాయి.

మూత పెట్టాక ఇక మరిచిపోండి. అంతే. ఇందులో పెద్ద విద్యేం లేదు. మీరు ఆ మాట ఎప్పట్నుంచో అంటున్నారుగా.

అరిగిన చేతులతోనే దీవిస్తూ,
క్యాంటీన్ అక్క

3

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఉత్తరం చేరింది. వ్రాసినవారి దస్తూరి గుండ్రంగా, కుదురుగా ఉన్నది. వారికి నా అభినందనలు తెలియజేయండి.

మొదటి ప్రయోగం విఫలమైంది. ఎక్కడ తప్పానో మీరు చెప్పగలరని, జరిగింది జరిగినట్లు వ్రాస్తున్నాను.

కీమా వేయించడం, తరగడం, కలపడం మీరు చెప్పినట్లే చేశాను. వేలు తెగింది, అది అప్రస్తుతం. మధ్యాహ్నం పన్నెండు గంటలకు మూత పెట్టాను. పన్నెండుంబావుకు తీసి చూశాను, మార్పు లేదు. పన్నెండున్నరకు చూశాను, ఆవిరి కనబడింది, సంతోషించాను. ఆ విధంగా ప్రతి పావుగంటకూ మూత తీసి, రంగు, వాసన, చిక్కదనం అనే మూడు శీర్షికల కింద నోటుపుస్తకంలో నమోదు చేశాను. మొత్తం ఇరవై నాలుగు పరిశీలనలు. నా జీవితంలో ఏ పనినీ ఇంతకన్నా శ్రద్ధగా చేయలేదు.

ఆరు గంటలకు ఫలితం: ఉల్లిపాయ పచ్చిగా కరకరలాడుతోంది. కీమా ఒకవైపు, నీళ్ళు ఒకవైపు. నా భార్య ఒక చెంచా నోట్లో పెట్టుకున్నది. లేచి వెళ్ళి పెట్టెలో రెండు జతల బట్టలు సర్దింది.

అక్కగారూ, ఇంతవరకు ఆ పెట్టె ఖాళీగా ఉండేది.

కుక్కర్ చెడిపోయిందేమోనని, దాన్ని అమ్మిన అంగడివాడికి చూపించాను. “కుక్కర్ బంగారంలా ఉంది, మాస్టారూ,” అని నా ముఖం వంక జాలిగా చూశాడు. వాడు నా పూర్వ విద్యార్థి. మూడుసార్లు పరీక్ష తప్పించాను వాణ్ణి.

ఇంకా రెండు వారాలు లేవు. దయచేసి వెంటనే జవాబు వ్రాయించగలరు.

ఇట్లు,
పచ్చి ఉల్లిపాయ నములుతూ,
మాస్టారు

4

మాస్టారికి అక్క రాయించేది.

ఇరవై నాలుగు సార్లా! అది వంటనుకున్నారా, పరీక్ష హాలనుకున్నారా? కీమా కాపీ కొడుతుందని కాపలా కాశారా?

మూత తీసినప్పుడల్లా లోపల కూడిన వేడంతా పోతుంది, మాస్టారూ. మళ్ళీ కూడుకోవడానికి అరగంట పడుతుంది. మీరు పావుగంటకోసారి తీస్తే అది ఎప్పుడు ఉడకాలి? మీరలా చూస్తూనే ఉన్నారు, అది అలా పచ్చిగానే ఉంది. వేరే తప్పేం లేదు. మీ శ్రద్ధే తప్పు.

పిల్లనీ ఇలాగే పెంచారు.

ఈ మాట రాయనని ఈ పిల్ల కలం పక్కన పడేసింది. “ఆయన నొచ్చుకుంటారక్కా” అంటుంది. నొచ్చుకోనీ, రాయవే అని గదిమితే రాసింది. చూడండి, అక్షరాలు ఎలా నొక్కి నొక్కి రాసిందో.

ఈసారి మూత పెట్టి ఇంట్లోంచి బయటికి పోండి. ఎక్కడైనా కూర్చోండి. ఆరు గంటలు అటు తొంగి చూడొద్దు.

ఇంకో మాట. ఆ కిటికీ సంగతి. నేను మరిచిపోయాననే అనుకున్నాను. మీ ఉత్తరాలు వింటుంటే మళ్ళీ లోపల గుచ్చుకుంటోంది. మీరెందుకలా చేశారో నాకు ఇప్పటికీ తెలీదు. వంట చెప్పినందుకు నాకేమీ వద్దు. అదొక్కటి నిజం రాయండి.

మీ మీద కోపం ఉన్నా మీ కీమా మీద లేని,
అక్క

5

పూజ్యులైన అక్కగారికి,

రెండో ప్రయోగమూ విఫలమైంది. ఇది మొదటిదానికన్నా హీనం.

నా చేతుల మీద నాకు నమ్మకం లేక, మూతను పురికొసతో నాలుగువైపులా కట్టి, ముడి మీద ముడి వేశాను. ఇంటికి తాళం వేసి బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చున్నాను. నా భార్య వాళ్ళ తమ్ముడింటికి వెళ్ళింది. ఆరు గంటల్లో పదకొండు బస్సులు వచ్చి వెళ్ళాయి. ఒక కండక్టరు దిగి వచ్చి, “పెద్దాయనా, ఎక్కడికెళ్ళాలి? దారి మరిచిపోయారా?” అని నా భుజం పట్టుకున్నాడు. లేదు నాయనా, కీమా ఉడకాలి అన్నాను. అతను నాకు మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళాడు.

ఇంటికి వచ్చి ముడులు విప్పి మూత తీశాను. పెట్టినది పెట్టినట్లే ఉంది. గోడ మీది స్విచ్ వేయలేదు.

అప్పుడే నా భార్య వచ్చింది. స్విచ్ వంక చూసింది, పురికొస వంక చూసింది, నా వంక చూసింది. నవ్వుతుందనుకున్నాను. “మీకు ఇంతే వచ్చండీ,” అన్నది, మెల్లగా. “కట్టెయ్యడమో, తీసి చూడడమో.” తరువాత కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నది. చదువుకునే కళ్ళజోడు. దూరం వెళ్ళేవాళ్ళు తప్ప అది ఎవరూ పెట్టెలో పెట్టుకోరు.

వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాను. నలభై ఏళ్ళలో కొన్ని వేలమందికి పాఠం చెప్పాను. ఇంట్లో ఇద్దరు మనుషుల్ని నిలుపుకోలేకపోతున్నాను. ఇది ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నాను.

కిటికీ సంగతి. ఈ భాగాన్ని నాలుగుసార్లు వ్రాసి చించివేశాను.

ఆ రోజు నా కూతురు పద్యం ఒప్పజెప్పలేదు. తొమ్మిదేళ్ళది. సొంత బిడ్డకు మినహాయింపు ఇచ్చానన్న మాట రాకూడదని, మరే పిల్లకూ వేయని శిక్ష ఆమెకు వేశాను: భోజన విరామమంతా వరండాలో నిలబడమన్నాను. బడిలో నన్ను ‘మాస్టారు’ అనాలి, ‘నాన్నా’ అనకూడదు. అదీ నేను పెట్టిన నియమమే. ఆ పిలుపే, భోజనాల బల్ల దగ్గర నేనన్న మాట తరువాత, ఇంటికీ వచ్చింది. నాలుగేళ్ళుగా నేను ఆమెకు మాస్టారినే.

వరండా మలుపు తిరిగేసరికి ఆమె మీ వంటగది కిటికీ దగ్గర ఉన్నది. మీరు కాగితంలో చుట్టిన శాండ్‌విచ్ అందించారు. ఆమె కొరికింది. గడ్డం మీదికి రసం కారింది. మీరేదో అన్నారు, ఆమె పగలబడి నవ్వింది. నేను వెళ్ళి ఆమె చేతిలోది లాక్కుని చెత్తబుట్టలో వేశాను. ఆ సాయంత్రమే మీ మీద ఫిర్యాదు వ్రాశాను. ‘క్రమశిక్షణకు భంగం’ అని వ్రాశాను.

అది అబద్ధం. నా దగ్గర ఆ పిల్ల ఎన్నడూ అలా నవ్వలేదు. మీ దగ్గర నవ్వినందుకు ఓర్వలేకపోయాను. ఆకలిగా ఉన్న బిడ్డ నోటి దగ్గరి తిండి లాక్కున్నది నా నియమం కాదు, నా అసూయ. ఆమె గరిటె పట్టినప్పుడు నాకు వచ్చిన కోపం కూడా అదే. నా దగ్గరికి రాకుండా మళ్ళీ ఆ కిటికీ దగ్గరికే వెళ్ళిందని.

ఈ మాట వ్రాయడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆదివారానికి ఎనిమిది రోజులే ఉన్నాయి.

మీకు చేసిన అన్యాయానికి తలవంచి,
మాస్టారు

6

మాస్టారికి,

ఈ ఉత్తరం పక్కింట్లో బట్టలు కుట్టే అమ్మాయి రాస్తోంది. గీతలు వంకరగా ఉంటే సర్దుకోండి. మా పిల్లకి చేతులు ఖాళీ లేవు. మీ ఉత్తరం చదివి పెట్టిన దగ్గర్నుంచి ఉల్లిపాయలు తరుగుతోంది. రేపటికీ ఎల్లుండికీ సరిపడా తరిగేసింది. చాలు ఆపవే తల్లీ అంటే వినదు. కళ్ళు తుడుచుకుంటుంది, మళ్ళీ తరుగుతుంది.

మీరు నిజం రాశారు. నా మటుకు నాకు చాలు. ఆ అంట్ల సంగతి ఇక ఎత్తను.

స్విచ్ వేశాక చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. అది చూసుకోండి. చూడాల్సింది అదొక్కటే. లోపలికి చూడక్కర్లేదు. పురికొసా వద్దు. కట్టెయ్యకుండా, తియ్యకుండా ఊరికే ఉండాలి. అది కష్టమని నాకూ తెలుసు.

మీ అమ్మాయి వస్తుందో రాదో, వచ్చినా తింటుందో లేదో నేను చెప్పలేను. ఒట్టు. ఎవరూ చెప్పలేరు. ఇరవై ఏళ్ళది ఒక్క ఉత్తరంతో పోతుందా, మాస్టారూ?

ఆదివారం నోటిక్కూడా మూత పెట్టుకోండి.

అక్క

7

ఆప్తులైన అక్కగారికి, మీ శిష్యుడు నమస్కరించి వ్రాయునది.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు స్విచ్ వేశాను. ఎర్ర దీపం వెలిగింది. దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పురికొస కట్టలేదు. మూత తీయలేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను.

ఆమె అయిదుంబావుకు వచ్చింది. నన్ను పలకరించలేదు. తిన్నగా వంటగదిలోకి వచ్చి, ముందు చేతులు కడుక్కున్నది. పనివాళ్ళు కడుక్కున్నట్లు, మోచేతుల దాకా. తరువాత మూత మీద చేయి వేసింది.

“మూత తీయకు!” అని అరిచాను.

ఒకప్పుడు వరండా మొత్తాన్ని నిలబెట్టిన గొంతు అది. హాల్లో, భార్యతో భోజనానికి వచ్చిన మా బావమరిది మాట ఆగిపోయింది. నా భార్య గుమ్మం పట్టుకున్నది. నా కూతురు చేయి వెనక్కి తీసుకున్నది. అంతా అయిపోయిందనుకున్నాను. నాలుగో సారి కూడా నా గొంతే చెడగొట్టిందనుకున్నాను.

“ఎందుకు?” అన్నది.

“తీస్తే అరగంట వెనక్కి పోతుంది.”

“ఎవరు చెప్పారు?”

“మా గురువుగారు.”

ఆమె గోడవైపు తిరిగింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. ఏడవడం లేదు, అక్కగారూ. నవ్వుతోంది.

“ఇంకా ఎంతసేపు?” అన్నది, ఇటు తిరగకుండానే.

“గంటా పది నిమిషాలు.”

“అయితే బన్నులు కాలుస్తాను.”

“వద్దు. నేను కాలుస్తాను. నువ్వు కూర్చో.”

కూర్చున్నది. రెండు బన్నులు మాడాయి.

ఆరున్నరకు అందరం బల్ల దగ్గర చేరాము. మా బావమరిది ఊరుకునే రకం కాదు. “ఏం బావా, ఇవాళ ఉపన్యాసం లేదా?” అన్నాడు. “లేదు. నీకు ఒకటా, రెండా?” అన్నాను. అతని భార్య అతని కాలు తొక్కింది. చప్పుడు నాకు వినబడింది.

నా కూతురు మొదటి ముక్క కొరికింది. గడ్డం మీదికి రసం కారింది. నేను కంచంలోకి చూస్తూ ఉండిపోయాను. శాండ్‌విచ్ కంచంలో పెట్టిన చప్పుడు వచ్చింది. కుర్చీ వెనక్కి జరిగింది. ఆమె లేచి నిలబడింది.

నా భార్య కూడా లేచింది.

నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఒక్క మాట నోటి దాకా వచ్చింది. మింగాను. అడుగుల చప్పుడు వీధి తలుపు వైపు పోవలసింది, పోలేదు. వంటగదిలో అలమర తెరుచుకున్నది. ఆమె ఉప్పు డబ్బా పట్టుకుని తిరిగి వచ్చింది. అది ఎక్కడ ఉంటుందో ఎవరినీ అడగలేదు.

“ఉప్పు వెయ్యడం మర్చిపోయావు, నాన్నా,” అన్నది.

నా భార్య కూర్చున్నది. నేను లేచి పెరట్లోకి వెళ్ళి కొంతసేపు కొళాయి విప్పుకుని నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి ఆమె రెండోది తింటోంది.

ఏడున్నరకు వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తానన్నది చెప్పలేదు. నేను అడగలేదు. పెట్టె ఇంకా తలుపు పక్కనే ఉంది. అయితే ఈ ఉదయం నా భార్య దాని మీద తడి తువ్వాలు ఆరేసింది. తడి తువ్వాలు ఆరేసిన పెట్టెతో ఎవరూ ప్రయాణం కట్టరని నమ్ముతున్నాను. కళ్ళజోడు కూడా పెట్టెలోంచి మళ్ళీ ఆమె ముక్కు మీదికి వచ్చింది.

ఇక అసలు సంగతి. మీ మొదటి ఉత్తరం కవరు మీద నా చిరునామా చూడగానే అది ఎవరి దస్తూరియో నాకు తెలిసింది. ఆ చేతిని నా చేతిలో పట్టుకుని అక్షరాలు దిద్దించినవాణ్ణి నేను. నా కూతురు మీ వంటగదిలో ఉన్నది. నా ఉత్తరాలు మీకు చదివి పెడుతున్నది. నాకు వెనిగరు, చక్కెర కొలతలు వేసి పంపుతున్నది. కాగితం ముక్క మీద మీ చిరునామా వ్రాసి ఇచ్చిన నా భార్యకు ఇదంతా ముందే తెలుసు. తెలియనిదల్లా నాకే.

అడగాలనిపించింది. ప్రతి ఉత్తరంలోనూ అనిపించింది. అడిగి ఉంటే ఆమె కలం పక్కన పెట్టేసేది. కీమా మూత ఇరవై నాలుగు సార్లు తీసినవాణ్ణి, ఈ ఒక్క మూత ఇన్నాళ్ళూ తీయలేదు. కిటికీ సంగతి వ్రాసింది మీకే. ఎవరు చదువుతారో తెలిసే వ్రాశాను.

బల్ల దగ్గర క్షమాపణ చెప్పలేదు. నా నోట పడితే అది ఉపన్యాసం అవుతుంది. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను:

నా కూతురు వంట చేస్తుంది. బాగా చేస్తుందట. ఆమె చేతి వంట నేను ఇంతవరకు తినలేదు. అది నా లోటు. గరిటె తిప్పే మనిషి అని నేనన్న మాట తప్పు. దిద్దితే సరిపోయే తప్పు కాదు. కొట్టివేస్తున్నాను.

ఆ మాట నేను పదిమంది ఎదుట అన్నాను. కనుక ఇది పదిమంది ఎదుట వినబడాలి. మధ్యాహ్నం మీ క్యాంటీన్ నిండినప్పుడు, తినేవాళ్ళందరి ముందూ, ఎప్పుడూ చదివే పిల్ల చేతనే ఈ ఉత్తరం పైకి చదివించండి. ఒక్క ముక్క వదలవద్దని చెప్పండి. ఈసారి వాక్యాలు పొట్టిగానే వ్రాశాను. ఊపిరి అందుతుంది. గట్టిగా చదవమనండి.